బ్రిటన్‌కు నాటకం చదవడానికి వస్తున్న నల్లగొండ, పాలమూరు పిల్లలకు

ఎమ్మెస్‌కు వచ్చేటోళ్ళకు దారి చెప్పడానికి మన దిక్కు ఊరికి పదిమంది ఉన్నారు. థియేటర్‌లో బీఏ ఆనర్స్ చదువుతానని బయల్దేరినవాళ్ళకు చెప్పేవాళ్ళు దొరకరు. దేవరకొండ నుంచి నన్ను సాగనంపడానికి శంషాబాద్ దాకా వచ్చిన మా మేనమామ ఆఖరుకు అడిగిందొక్కటే: “ఇంతకూ డిగ్రీయేనా, ఉత్త సర్టిఫికెటా?”

డిగ్రీయే మామా. ఇంగ్లండులో 3 ఏళ్ళు, స్కాట్లండులో 4. ఏడాదికి 120 క్రెడిట్లు.

వచ్చేముందే ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి మార్కుల సంగతి చెప్పండి. ఇంటర్‌లో వెయ్యికి 960 చూసిన మా నాన్నకు మొదటి టర్ములో నూటికి 64 వచ్చాయని చెప్తే ఫోన్లో కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మెల్లగా, “ఒంట్లో బాగలేదా?” అన్నాడు. ఇక్కడ 70 వస్తే ఫస్ట్ క్లాస్. 60 నుంచి 69 వరకు టూ-వన్, అంటే సెకండ్ క్లాస్‌లో పై మెట్టు. 50 నుంచి 59 వరకు టూ-టూ, అంటే దాని కింది మెట్టు. 40 వస్తే పాస్. 64 అంటే మంచి మార్కే. చాలాచోట్ల మొదటి ఏడాది మార్కులు చివరి లెక్కలోకి రావు, అయినా పాసవ్వక తప్పదు. మీ దగ్గర లెక్క ఎట్లుందో కోర్సు హ్యాండ్‌బుక్‌లో చూసుకోండి.

ఇక అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, మార్కులు ఒక్క స్టేజీ మీదే పడవు. కాగితం మీద కూడా పడతాయి. మొదటి ప్రదర్శనలో నాకు చప్పట్లు బాగానే వచ్చాయి, నాతో చేసిన అమ్మాయి రెండుచోట్ల మాట మరిచిపోయింది. మార్కులు ఆమెకే ఎక్కువ. వారం రోజులు లోలోపల ఉడికిపోయాను. తర్వాత, మార్కుల కోసం మేమంతా రాసివ్వాల్సిన రిహార్సల్ డైరీ ఆమెది అడిగి చదివితే తెలిసింది. నేను “ఈరోజు రిహార్సల్ బాగా జరిగింది, చాలా నేర్చుకున్నాను” అని రాసుకుంటూ పోయాను. ఆమె రాసింది ఇట్లుంది: “మూడోసారి చేసినప్పుడు తలుపు దిక్కు చూడకుండా మాట్లాడాను. ఎదుటివాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. భయం నా గొంతులో లేదు, ఆ అడుగులో ఉంది.” అట్ల రాయాలి. రాత్రి రూముకు పోయినంక రాద్దామనుకుంటే సగం ఎగిరిపోతుంది. స్టూడియో బయట మెట్లమీద కూర్చుని, చెప్పులు వేసుకోకముందే రాసేయండి.

టైము విషయంలో మన అలవాటు ఇక్కడ చెల్లదు. నేను పడ్డ పాటు చెప్తాను. ఏడున్నరకు నాటకం. “హాఫ్” లోపల అందరూ ఉండాలని స్టేజ్ మేనేజర్ బోర్డు పెట్టాడు. హాఫ్ అంటే అరగంటే కదా అని సరిగ్గా ఏడింటికి దర్జాగా పోయాను. నాకు ఫోన్ల మీద ఫోన్లు చేసి, నా వేషం ఎవరికి కట్టాలా అని చూస్తున్నారు. సంగతేమిటంటే, నాటకం మొదలవడానికి 5 నిమిషాల ముందు “బిగినర్స్” అని పిలుస్తారు, మొదట స్టేజీ మీదికి వచ్చేవాళ్ళు వెళ్ళి నిలబడాలి. వెనక్కి లెక్కలన్నీ ఆ పిలుపు నుంచే. కాబట్టి హాఫ్ అంటే 6:55, క్వార్టర్ 7:10, ఫైవ్ 7:20, బిగినర్స్ 7:25. స్టేజ్ లెఫ్ట్, రైట్ కూడా నటుడి ఎడమ, కుడి. చూసేవాళ్ళవి కాదు. సామాను దించి సెట్టు కట్టే రోజును గెట్-ఇన్, విప్పి లారీకెక్కించే రాత్రిని గెట్-ఔట్ అంటారు. నటులం కదా అని గెట్-ఔట్ నాడు తప్పించుకుంటే మళ్ళీ ఎవరూ పలకరించరు.

ఊరి సరుకు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మొదటి వారంలోనే గుండ్రంగా కూర్చోబెట్టి “మీ దగ్గర ప్రదర్శన అంటే ఏమిటి?” అని అడుగుతారు. సినిమా పేరు చెప్పి తప్పించుకోకండి. చిందు భాగోతం, ఒగ్గు కథ, గొల్ల సుద్దులు మన కళ్ళముందు ఉన్నవే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో, బుర్రవీణ దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది, ఇద్దరూ పాలమూరు దిక్కువాళ్ళే. అయితే “మా అతి ప్రాచీన సంప్రదాయం” అని మొదలుపెడితే ఇక్కడి టీచర్లకు ఆవులింతలు వస్తాయి. ఎవరు ఆడతారు, ఏ కులంవాళ్ళు, ఎవరు పిలుస్తారు, బియ్యం ఇస్తారా పైసలిస్తారా, ఆడేవాళ్ళు ఎక్కడ నిలబడతారు, వంత ఎవరిది? అవి చెప్పండి. చిందు భాగోతం చిందు మాదిగలది. నేను చూసి పెరిగాను, అంతే. ఆ తేడా ముందే చెప్పకుండా “మా కళ” అని రాసినందుకు ఒక వ్యాసంలో నాకు గట్టిగానే తగిలింది, తగలాల్సిందే.

మూడో ఏడాదిలో చాలా కోర్సుల్లో 8,000 నుంచి 10,000 పదాల డిసర్టేషన్, అంటే పెద్ద పరిశోధన వ్యాసం ఉంటుంది, లేదా ఒక ప్రదర్శన చేసి దాని మీద చిన్న వ్యాసం. ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోయి ఒక పెద్దాయన ముఖానికి అర్దళం రాసుకుంటూ చెప్పిన ముచ్చట్లు రెండు గంటలు ఫోన్లో రికార్డు చేసుకొచ్చాను. ఒక్క ముక్క వాడనివ్వలేదు. మనుషులను అడిగి రాసుకోవడానికి యూనివర్సిటీ ఇచ్చే ఎథిక్స్ అనుమతి రాకముందు తీసుకున్న ఇంటర్వ్యూ చెల్లదు. ఏప్రిల్‌లోనే ఆ ఫారం నింపండి, సమ్మతి పత్రం తెలుగులో రాసుకోండి. రెండోసారి పోయి కాగితం ముందు పెడితే ఆ పెద్దాయన, “సంతకమెందుకు బిడ్డా, మాట జాలదా?” అన్నాడు. చాలుతుంది. పత్రం చదివి వినిపించి, నోటిమాటగా ఒప్పుకున్నది రికార్డు చేస్తామని ఫారంలో ముందే రాస్తే మా దగ్గర ఒప్పుకున్నారు.

వీసా మాట. టర్ము నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని అన్నది అందరికీ తెలుసు. మనలాంటి వాళ్ళకు ఇంకో ముడి ఉంది: స్టూడెంట్ వీసా మీద ఎంటర్‌టైనర్‌గా పనిచేయకూడదు, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కూడా కుదరదు. బతుకమ్మ ఫంక్షన్లో యాంకరింగ్ చెయ్యి, వంద పౌండ్లిస్తామని మనోళ్ళే ప్రేమగా పిలుస్తారు. దండం పెట్టి వద్దనండి. వీధిలో టోపీ పెట్టి పాడటమూ అంతే. కోర్సులో మార్కులు వేసే ప్రదర్శనలకు అడ్డు లేదు. మిగతా దేనికైనా ఒప్పుకునే ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. నన్నడిగితే, థియేటర్‌లో టికెట్లు చింపే కొలువు అన్నిటికన్నా మేలు. నేను ఒకే నాటకం పదకొండుసార్లు చూశాను, జీతం తీసుకుని. లండన్ వెళ్తే షేక్‌స్పియర్స్ గ్లోబ్ థియేటర్‌లో నిలబడి చూసే టికెట్టు అన్నిటికన్నా చవక. రాత్రంతా భాగోతం చూసినవాళ్ళకు మూడు గంటలు నిలబడటం ఒక లెక్కా?

బ్యాంకు, సిమ్ము అందరితోపాటే అయిపోతాయి. డాక్టరు దగ్గర పేరు మాత్రం జ్వరం రాకముందే రాయించుకోండి. రిహార్సళ్ళు రాత్రి తొమ్మిది దాకా సాగుతాయి, డిసెంబరులో నాలుగింటికే చీకటి, కాబట్టి సద్ది కట్టుకుని పోవాలి. జొన్నరొట్టె చల్లారినా బాగుంటుంది.

మూడు జతల నల్లబట్టలు బయల్దేరకముందే మన దగ్గరే కొనుక్కోండి, బొమ్మలూ రాతలూ లేనివి, నిండు చేతులవి. స్టేజీ వెనక పనిచేసే ప్రతివాళ్ళకూ అవే యూనిఫాం. మా అమ్మ మాత్రం “పయనమయ్యేటప్పుడు నల్లబట్టలేంది బిడ్డా” అని సూట్‌కేసు దగ్గర అడ్డం కూర్చుంది. చివరికి ప్రతి చొక్కా మూలకు పసుపుబొట్టు పెట్టి సర్దింది. లైట్లూ సౌండూ సరిచూసుకునే మొదటి టెక్ రిహార్సల్లో చీకట్లో టార్చి వేసి చూసిన స్టేజ్ మేనేజర్, అది ఏమిటని అడిగి, తెలుసుకుని, దాని మీద నల్ల టేపు అంటించాడు.