పాత ఎస్‌యూవీకి వెనక చక్రాల బేరింగులు మార్చాలా, ఆగాలా? తేల్చుకోవడం ఎలా?

పాత ఎస్‌యూవీ వెనక నుంచి 'వొ... వొ... వొ' అని మోత మొదలైందంటే, హైదరాబాద్‌లో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా మొదట వినపడే మాట ఒకటే: "బేరింగ్ పోయింది సార్, రెండు పక్కలా మార్చేద్దాం." నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ టైరు ఎగుడుదిగుడుగా అరిగినా దాదాపు ఇదే మోత వస్తుంది. ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్ అరిగినా వస్తుంది. బేరింగులు మార్పించి, డబ్బు కట్టి, అదే మోతతో ఇంటికొచ్చినవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. అందుకని మార్చాలా వద్దా అనేదానికంటే ముందు మోత ఎక్కడిదో తేలాలి. ఆ పనిలో సగం మీరే చేసుకోవచ్చు.

ముందుగా మీ బండి ఏ రకమో చూసుకోండి

స్కార్పియో, బొలెరో, ఫార్చ్యూనర్, పాత సఫారీ లాంటి బళ్లలో వెనక ఇరుసు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే. మధ్యలో డిఫరెన్షియల్ ఉంటుంది. చక్రాన్ని తిప్పే యాక్సిల్ రాడ్డు చివర బేరింగ్‌ను ప్రెస్ చేసి, అది జరగకుండా ఒక రింగు బిగిస్తారు. పక్కనే ఆయిల్ సీలు. ఇక టూవీల్ డ్రైవ్ డస్టర్, ఎకోస్పోర్ట్, మొదటి తరం క్రెటా లాంటివాటిలో వెనక చక్రాలు ఊరికే దొర్లుతాయి, వాటికి ఇంజిన్‌తో సంబంధం లేదు. బేరింగ్ హబ్‌లోనో (చక్రం బిగించే మధ్య భాగం), బ్రేక్ డ్రమ్ములోనో ఉంటుంది. మొదటి రకంలో పని పెద్దది, రెండో రకంలో చిన్నది. ఎప్పుడు మార్చాలి, రెండూ మార్చాలా అన్న లెక్క ఈ తేడాతోనే మారిపోతుంది.

రోడ్డు మీద వినండి

ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు లాంటి ఖాళీ దారి చూసుకోండి. ఏసీ, పాటలు ఆపేసి, అద్దాలు దించి 60 వేగంలో నడపండి. వెనక సీట్లో ఇంకొకరు కూర్చుంటే మరీ మంచిది. పాత బళ్లలో వెనకటి మోత ఒక్కోసారి ముందు నుంచి వస్తున్నట్టే ఉంటుంది.

మొదట ఒక క్షణం న్యూట్రల్ చేయండి. ఇంజిన్ మాత్రం ఆపొద్దు, ఆపితే స్టీరింగూ బ్రేకూ బిగుసుకుంటాయి. ఇంజిన్ శబ్దం తగ్గినా ఆ మోత అలాగే ఉండి, వేగం తగ్గేకొద్దీ మాత్రమే తగ్గుతుంటే అది చక్రాల వైపుదే. మళ్లీ గేరులో వేసి యాక్సిలరేటర్ నొక్కి వదలండి. నొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఈల వేసినట్టు ఉంటే అనుమానం డిఫరెన్షియల్ మీదకి పోతుంది. బేరింగ్ మోతకు యాక్సిలరేటర్‌తో పెద్దగా పని లేదు.

తర్వాత స్టీరింగ్‌ను మెల్లగా ఎడమకి, మళ్లీ కుడికి కొద్దికొద్దిగా తిప్పుతూ వెళ్లండి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే సాధారణంగా కుడివైపు బేరింగ్, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమవైపుది. ఎటు తిప్పినా తేడా లేదంటే టైర్లను అనుమానించండి. టైర్ల మోత రోడ్డును బట్టి మారుతుంది: కాలనీలోని సిమెంటు రోడ్డు మీద ఒకలా, కొత్తగా వేసిన తారు మీద ఇంకోలా. పాడైన బేరింగ్‌కు సిమెంటైనా తారైనా ఒకటే.

టైరును అరచేత్తో నిమరండి

ఈ పని చాలామంది వదిలేస్తారు. ఖర్చు పైసా లేదు, నిజం చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. బండి ఆపి, వెనక టైరు మీద అరచేతిని ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నిమరండి. ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపపు పళ్లలా తగిలితే టైరు గతుకులుగా అరిగినట్టే. షాకబ్జార్బర్లు పోయినా, టైర్లు ఏళ్ల తరబడి ఒకేచోట తిరిగినా ఇలా అవుతుంది. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించి మళ్లీ అదే రోడ్డు మీద వినండి. మోత ముందుకి వచ్చేసిందా? దోషం టైర్లదే, బేరింగుల జోలికి పోనక్కర్లేదు. ఇది చూడకుండా డిఫరెన్షియల్ దింపించడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

జాకీ మీద చూసేటప్పుడు

చదునైన చోట ఆపి ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లో చెక్క దిమ్మెలో గట్టిగా పెట్టండి. మొక్కుబడిగా పెట్టొద్దు. వెనక చక్రాలను ఇంజిన్ తిప్పే బండిలో ఒక వెనక చక్రం లేపితే, గేరులో ఉన్నా డిఫరెన్షియల్ వల్ల బండి జరగగలదు. పైగా ఈ పరీక్షకు హ్యాండ్ బ్రేక్ తీసేయాలి. జాకీ పక్కనే స్టాండు పెట్టాలి, బండి కిందికి దూరకూడదు. ఇవన్నీ ఇబ్బందైతే షెడ్డులోనే చేయించండి, కానీ పక్కనే నిలబడి చూడండి.

చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. 'టక్ టక్' మని కదిలితే ప్లే, అంటే వదులు, ఉన్నట్టు. కానీ ఆ ప్లే బేరింగ్‌దా, సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లదా? లోపల ఎవరినైనా కూర్చోబెట్టి బ్రేక్ గట్టిగా తొక్కమనండి, మళ్లీ ఊపండి. బ్రేక్ తొక్కగానే ప్లే పోతే అది బేరింగే. తొక్కినా అలాగే కదులుతుంటే బుష్‌ల వైపు చూడాలి. లోపలికీ బయటికీ కాస్త కదలడం మాత్రం కొన్ని బళ్లలో మామూలే. అది ఎంతవరకు ఉండొచ్చో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

ఇప్పుడు ఒక చేయి కాయిల్ స్ప్రింగు మీద ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పండి. పట్టా స్ప్రింగులున్న బండిలో బ్రేక్ ప్లేటు వెనక వేళ్లు ఆనించొచ్చు. బేరింగ్ మంచిదైతే వేళ్లకు ఏమీ తెలియదు. పాడైతే లోపల ఇసుక నలుగుతున్నట్టు సన్నటి గరగర వేళ్లకు అందుతుంది. చెవికి వినపడనిది కూడా స్ప్రింగు మీద తెలుస్తుంది. రెండో పక్కనా ఇదే చేసి పోల్చండి.

మొదటి రకం బళ్లలో డ్రమ్ము ఊడదీయించి లోపల తడి ఉందేమో చూడండి. ఆయిల్ సీలు కారితే డిఫరెన్షియల్ ఆయిల్ బ్రేక్ షూల మీదికి వస్తుంది. అప్పుడు సమస్య మోతది కాదు, బ్రేకులది. తడిసిన షూలను పెట్రోల్‌తో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. ఇంకిన ఆయిల్ వేడికి మళ్లీ పైకొస్తుంది. షూలు మార్చాల్సిందే.

మార్చాలా, ఆగాలా?

ప్లే తేలిందంటే ఆలోచించే పని లేదు, వెంటనే మార్చాలి. స్కార్పియో తరహా ఇరుసులో యాక్సిల్ రాడ్డును పట్టి ఉంచేదే ఆ బేరింగూ రింగూ. అవి పూర్తిగా పోతే చక్రం రాడ్డుతో సహా బయటికి వచ్చేయగలదు. ఆయిల్ కారుతున్నా అంతే, ఆలస్యం వద్దు.

మోత మాత్రమే ఉంది, ప్లే లేదు, లీకు లేదు అంటే కంగారు అక్కర్లేదు. ఊళ్లో ఆఫీసుకు నడుపుకుంటూ మంచి పార్టు, మంచి మెకానిక్ వెతుక్కోవడానికి టైముంది. మోత వారం వారం పెరుగుతోందా, కొంతదూరం నడిపాక ఒక పక్క హబ్ రెండోదానికంటే బాగా వేడెక్కుతోందా గమనిస్తుండండి. వేడికి బ్రేక్ పట్టేయడం కూడా కారణం కావచ్చు, రెండూ చూపించండి. కానీ ఈ స్థితిలో శ్రీశైలం ఘాట్ ఎక్కడం, సంక్రాంతికి నిండా జనం, సామాను వేసుకుని విజయవాడ హైవే పట్టడం నాకైతే నచ్చదు. దూరప్రయాణం ఉంటే ముందే మార్పించేయండి. మోత మొదలైన బేరింగ్ తనంతట తాను బాగుపడదు.

వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డులో హబ్‌లు మునిగేలా నడిపిన బండికి ఇంకాస్త అనుమానం జోడించండి. సీలు పాతదైతే నీళ్లు లోపలికి పోయి గ్రీజును పాడుచేస్తాయి. ఇరుసు మునిగి ఉంటే డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా తెల్లబడిందేమో కూడా చూపించండి.

పదిహేనేళ్లు దగ్గరపడి ఆర్‌సీ రెన్యువల్ ముందున్న బండికి ఇంత ఖర్చు ఎందుకని కొందరు అడుగుతారు. బండిని ఉంచుకుంటారా అమ్మేస్తారా అన్నది మీ ఇష్టం. ప్లే ఉన్న చక్రంతో మాత్రం దాన్ని ఒక్కరోజు కూడా రోడ్డెక్కించొద్దు.

రెండు పక్కలా మార్చాలా అంటే, హబ్ రకం బళ్లలో చెడిపోయిన పక్కే మార్చినా సరిపోతుంది. రెండోది తీయడం ఎప్పుడైనా తేలికే. ఇరుసు రకంలో రెండో పక్క సీలు కూడా చెమర్చుతుంటే ఆ పనీ కలిపి చేయించండి. పొడిగా, నిశ్శబ్దంగా ఉంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

పార్టు కొనేటప్పుడు, బిగించేటప్పుడు

రాణిగంజ్‌లో ఎస్‌కెఎఫ్, టిమ్‌కెన్, ఎన్‌బీసీ కంపెనీల బేరింగులన్నీ దొరుకుతాయి. డూప్లికేట్లు కూడా అచ్చం అలాంటి పెట్టెల్లోనే వస్తాయి. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి. పెట్టె మీది నంబరూ బేరింగ్ మీది నంబరూ ఒకటేనా చూడండి. ఎస్‌కెఎఫ్ లాంటి కంపెనీలకు అసలో నకిలీయో చూసుకునే యాప్‌లున్నాయి. బేరింగ్‌తో పాటు సీలు, రింగు లేదా కొత్త నట్టు కలిపే తీసుకోండి. పాత రింగు మళ్లీ పనికిరాదు.

షెడ్డులో మొహమాటపడకుండా అడగండి: "అన్నా, బేరింగ్ ప్రెస్ మీద ఎక్కిస్తావా, సుత్తితో కొడతావా?" సుత్తి అంటే అక్కణ్నుంచి వచ్చేయండి. ప్రెస్ మీద కూడా, రాడ్డు మీద ఎక్కించేటప్పుడు బేరింగ్ లోపలి రింగునే, హౌసింగ్‌లో దింపేటప్పుడు బయటి రింగునే నొక్కాలి. ఒత్తిడి గుండ్ల మీద పడితే కొత్త బేరింగ్ బిగించేటప్పుడే దెబ్బతింటుంది. పాత రింగు తీయడానికి గ్యాస్ మంట పెట్టనివ్వొద్దు, ఆ వేడికి యాక్సిల్ రాడ్డు గట్టిదనం పోతుంది. రాడ్డుకు గాటు పడకుండా గ్రైండర్‌తో కొంతవరకు కోసి, ఉలితో పగలగొట్టి తీయడం పద్ధతి.

ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసేది) ఉన్న కొన్ని బళ్లలో బేరింగ్‌కు ఒక పక్క అయస్కాంతపు రింగు ఉంటుంది. చూడ్డానికి మామూలు సీలులా ఉంటుంది కానీ అది సెన్సర్ వైపే రావాలి. తిరగేసి బిగిస్తే డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ మొత్తం విప్పాలి. హబ్ నట్టును ఎయిర్ గన్‌తో ఎడాపెడా బిగించి వదిలేయకుండా, చివర బిగువు కొలిచే టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన కొలతకు తేవాలి.

పాత బేరింగ్‌ను అడిగి తీసుకోండి. రింగు వేళ్లతో తిప్పితే గరగరలాడుతుందో, మెత్తగా తిరుగుతుందో అక్కడికక్కడే తెలుస్తుంది. బండి తీసుకున్నాక ముందు విన్న రోడ్డు మీదే, అదే వేగంలో, అద్దాలు దించి మళ్లీ వినండి. 100 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు ఒకసారి బిగువు చూపించండి.