టర్బో కారు ట్యూనింగ్ – 5వ పాఠం: పెడల్‌కీ బూస్ట్‌కీ మధ్య

ఈ పాఠం పెడల్ ఫీల్ గురించే. కానీ పోయినసారి నేను చేసిన గందరగోళం సర్దకుండా ముందుకు వెళ్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "మానిఫోల్డ్ ప్రెషర్‌లోంచి 100 తీసేయండి, మిగిలిందే బూస్ట్" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశాను. మానిఫోల్డ్ అంటే గాలి ఇంజిన్‌లోకి వెళ్ళే గొట్టం. టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ గాలిని లోపలికి తోసే పంపు, అది బయటి గాలి ఒత్తిడికి పైన పెంచేదే బూస్ట్. దాంతో హైదరాబాద్ వాళ్ళు వరసపెట్టి, ఇంజిన్ ఆపి ఉంటే 95 చూపిస్తోంది, మైనస్ 5 బూస్ట్ ఏంటి, సెన్సర్ పోయిందా అని టెన్షన్ పడ్డారు. ఏమీ పోలేదు. ఆ సెన్సర్ చూపించేది బయటి గాలితో కలిపి మొత్తం ఒత్తిడి, కిలోపాస్కల్స్‌లో. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం పక్కనుంటే 101 దాకా వస్తుంది. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది కాబట్టి 95 చుట్టుపక్కల, బెంగళూరు 900 దాటింది కాబట్టి ఇంకో నాలుగు తక్కువ. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా కీ ఆన్ చేసి, వచ్చిన అంకె రాసుకోండి. మీ ఊళ్ళో సున్నా అదే.

రెండో గొడవ: "పెడల్ మొత్తం తొక్కాను, థ్రాటిల్ మాత్రం 65 శాతం దగ్గర ఆగిపోయింది, కంపెనీవాళ్ళు ఏదో దాచిపెట్టారు." దాచిపెట్టలేదండీ. థ్రాటిల్ అంటే ఇంజిన్‌లోకి ఎంత గాలి వెళ్ళాలో ఆపే తలుపు. ఇప్పటి కార్లలో పెడల్ నుంచి ఆ థ్రాటిల్ ప్లేట్‌కి తీగ ఉండదు. పెడల్ దగ్గర రెండు సెన్సర్లు ఉంటాయి, ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుంది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, వాటిని చదివి, ఈ మనిషి ఇంత టార్క్ (తిప్పే బలం) అడుగుతున్నాడు అని లెక్క కట్టి, దానికి ఎంత గాలి కావాలో చూసి, అప్పుడు థ్రాటిల్ ఎంత తెరవాలి, టర్బో వేస్ట్‌గేట్ (టర్బైన్‌ని తప్పించి ఎగ్జాస్ట్‌ని పక్కనుంచి వదిలే తలుపు) ఎంత మూయాలి అని నిర్ణయిస్తుంది. మొదటి గేర్లో అంత టార్క్ ఇవ్వకూడదని దాని లెక్కలో ఉంటే మీరు నేలకేసి తొక్కినా ప్లేట్ సగంలోనే ఆగుతుంది. పెడల్ అంటే అర్జీ, అంతే.

ఇంకో సంగతి. 1500 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ పీల్చే గాలే తక్కువ, థ్రాటిల్ పావు వంతు తెరిస్తే కావాల్సింది దాదాపు అంతా వచ్చేస్తుంది, ఆ తర్వాత ఎంత తెరిచినా టర్బో లేచేదాకా పెద్ద తేడా ఉండదు. అందుకే థ్రాటిల్ అంకె చూసి పవర్ అంచనా వెయ్యకండి, మానిఫోల్డ్ ప్రెషర్ చూడండి.

ఇప్పుడు అసలు విషయం. "రెస్పాన్స్ బాగుంది" అని మనం ఒకే మాటతో రెండు వేర్వేరు పనుల్ని పొగుడుతుంటాం. ఒకటి, కాలు ఎంత కదిపితే ఈసీయూ ఎంత టార్క్ అడిగింది. ఇది సాఫ్ట్‌వేర్‌లో పట్టిక, క్షణంలో జరుగుతుంది. రెండోది, అడిగిన టార్క్‌కి సరిపడా గాలిని టర్బో తెచ్చేసరికి ఎంతసేపు పట్టింది. ఇది ఇనుము, ఎగ్జాస్ట్ వేడి, టర్బైన్ బరువు. నాది పోలో 1.0 టీఎస్ఐ, 110 పీఎస్ పవర్, 175 ఎన్‌ఎం టార్క్, ఆ టార్క్ పూర్తిగా వచ్చేది 1750 ఆర్‌పీఎం నుంచి. 1300 దగ్గర మూడో గేర్లో తొక్కి "లాగ్ ఉంది", అంటే టర్బో ఆలస్యంగా లేస్తోంది, అంటే అది లాగ్ కాదు, టర్బోకి అక్కడ తిరగడానికి కావాల్సిన ఎగ్జాస్టే లేదు. గేరు తగ్గించండి. 2200 దగ్గర తొక్కినా ఆలస్యమైతే అప్పుడు లాగ్ అనండి.

ఇక నన్ను విసిగించే పెడల్ బాక్స్. పెడల్ ప్లగ్‌కీ ఈసీయూకీ మధ్య పెట్టే చిన్న డబ్బా. అది పెట్టించుకున్న ప్రతివాడూ "అన్నా, కారు రాకెట్ అయిపోయింది" అంటాడు. కాలేదు తమ్ముడూ. మీరు 20 శాతం తొక్కితే అది ఈసీయూకి 45 అని చెబుతుంది, 30 తొక్కితే 62, 60 తొక్కితే 93. 80కే 100 అయిపోయింది. బిర్యానీ ప్లేట్లో ముక్కలన్నీ పైకి పేర్చినట్టు. మొదటి నాలుగు ముద్దలు పండగే, కింద ఉత్త అన్నం. ముక్కలు మాత్రం పెరగలేదు. మామూలు పెడల్‌తో 62 తొక్కినా టర్బో అంతే తొందరగా లేస్తుంది. నమ్మకపోతే మూడో గేర్లో 1500 నుంచి 4000 దాకా ఫుల్ పెడల్‌తో బాక్స్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి టైమ్ చూడండి. నా కారులో ఆ రెండిటి మధ్య వచ్చిన తేడా కన్నా, ఒకే సెట్టింగ్‌తో రెండుసార్లు తోలినప్పుడు వచ్చిన తేడా ఎక్కువ. నేను కూడా ఒకప్పుడు కొన్నాను, దాచను. బాగా షార్ప్‌లో పెట్టి, మా వీధి స్పీడ్ బ్రేకర్ దిగుతూ కాలు కాస్త అదిరేసరికి కారు ఎగిరి, వెనక సీట్లో మా అమ్మ ఒళ్ళో ఉన్న సాంబారు క్యారియర్ మొత్తం సీటు మీదకి. ఆ వాసన నెల రోజులు పోలేదు. బాక్స్ ఆ సాయంత్రమే పోయింది.

నాకు నచ్చే పట్టిక చెబుతాను, ఇది కేవలం నా ఇష్టం. పెడల్ 10కి టార్క్ కోరిక 6, 20కి 14, 30కి 25, 40కి 38, 50కి 52, 60కి 66, 80కి 88, 100కి 100. అంటే మొదట్లో మందంగా, మధ్యలో చురుగ్గా. అమీర్‌పేట ట్రాఫిక్‌లో కాలు 15 దాటదు, అక్కడ నాకు మిల్లీమీటరు లెక్కలో కంట్రోల్ కావాలి. అవుటర్ మీద లారీని దాటేటప్పుడు 40 నుంచి 60 మధ్యలో కారు కదలాలి. మా ఫ్రెండ్‌కి ఇది చూస్తే నిద్రొస్తుందట, వాడికి 10కే 15 కావాలి, వాడు రోజూ తెల్లారుజామున ఖాళీ రోడ్లో ఆఫీసుకి వెళ్తాడు. వాడి పట్టిక మీరు కాపీ కొట్టి ట్రాఫిక్‌లో తోలితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. నాది కాపీ కొట్టినా అంతే.

టార్క్ ఎంత వేగంగా ఎక్కాలి అనేదానికి వేరే ఫిల్టర్ ఉంటుంది, జెర్క్ రాకుండా. దాన్ని పూర్తిగా తీసేసే ట్యూనర్లు ఉన్నారు. మూడు సిలిండర్ల ఇంజిన్, మెత్తటి మౌంట్లు, డ్రైవ్‌షాఫ్ట్‌లో కాస్త ఖాళీ ఉంటే కాలు పెట్టగానే కారు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. నేను రెండో గేరు పైన మాత్రమే కొంచెం తగ్గిస్తాను, మొదటి గేరు ముట్టుకోను. క్లచ్ నొక్కాక ఆర్‌పీఎం వెంటనే దిగకపోవడం గురించి అడిగారు. అది ఎక్కువగా ఎమిషన్స్ కోసం పెట్టింది, వదిలెయ్యండి. ఫ్లాష్ చేస్తే, అంటే ఈసీయూలో సాఫ్ట్‌వేర్ మార్చి రాస్తే, వారంటీ పేచీ వస్తుందని మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటా.

అభ్యాసం. ఇది మాత్రం కష్టమే, తప్పదు. ఈ వారం ఏమీ మార్చొద్దు. ఒకే ఖాళీ రోడ్డు, ఒకే పెట్రోల్, ఎండ దిగాక. మూడో గేర్లో 1800, 2200, 2600 దగ్గర నుంచి, పెడల్ 30, 50, 100 చొప్పున మొత్తం తొమ్మిది రన్లు. ఒక్కొక్కటి మూడుసార్లు. రీడింగులు చూపించే ఫోన్ పక్క సీట్లో మనిషి పట్టుకోవాలి, మీరు కాదు. ప్రతి రన్‌లో రెండు సమయాలు రాయండి: పెడల్ కదిలినప్పటి నుంచి థ్రాటిల్ కదలడానికి పట్టింది, మానిఫోల్డ్ ప్రెషర్ మీ ఊరి సున్నా కన్నా 30 కిలోపాస్కల్స్ పైకి వెళ్ళడానికి పట్టింది. మీ ఓబీడీ అడాప్టర్ (కారు సెన్సర్ల అంకెలు ఫోన్‌కి పంపే ప్లగ్) సెకనుకి రెండు మూడు రీడింగులే ఇస్తుంటే మిగతావన్నీ ఆపేసి ఆర్‌పీఎం, పెడల్, థ్రాటిల్, ప్రెషర్ ఈ నాలుగే ఉంచండి. ఇరవై ఏడు వరసలు పూర్తయ్యాకే మీ పట్టిక పెన్సిల్‌తో కాగితం మీద గీసి పంపండి. అందులో కనీసం ఒక అంకె నా దానికన్నా ఎందుకు వేరో పక్కన రాయాలి, "అలా బాగుంటుంది" అని రాస్తే వెనక్కి పంపిస్తాను.