మీ వీధిలో జనం కలుపుకునే వరసలను ఎలా అధ్యయనం చేయాలి?

కిరాణా కొట్టు దగ్గర ఒకావిడ "బాబాయ్, అరకిలో కందిపప్పు" అంటుంది. కొట్టాయన "ఇదిగోమ్మా" అంటూ పొట్లం కడతాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు, అయినా వరస కలిసింది. బాబాయ్ అనే ఎందుకు పిలిచింది, మావయ్యా అని ఎందుకు పిలవలేదు? బాబాయి పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అవుతారు. మావయ్య పిల్లలైతే బావలు, మరదళ్ళు, అంటే పెళ్లి వరస. పరాయివాళ్ళతో వరస కలిపేటప్పుడు మనవాళ్ళు పెళ్లి కుదరని వైపుకే మొగ్గుతారా? ఇది నెల రోజుల్లో పరీక్షించి చూడదగ్గ ప్రశ్న. కానీ కుర్రాళ్ళు స్నేహితులను "మామా", "బావా" అనే పిలుచుకుంటారు కదా! అలాంటి ఎదురు ఉదాహరణలు దొరికితేనే పని ముందుకు సాగుతుంది.

ముందు చోటును కుదించండి

"గుంటూరు సంస్కృతి" అని మొదలుపెడితే ఎవరికీ పట్టు దొరకదు. బ్రాడీపేటలో ఒక్క లైను, అందులో రెండు అడ్డరోడ్ల మధ్య భాగం చాలు. అక్కడ మూడు మాటలచోట్లు ఎంచుకోండి. ఒకటి కిరాణా కొట్టు, ఒకటి టీ బండి, ఒకటి అపార్ట్‌మెంటు గేటు. పొద్దున పాల వేళ, సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం ఒకసారి చొప్పున ఒక్కోచోట మూడుసార్లు, మొత్తం తొమ్మిదిసార్లు, ప్రతిసారీ ముప్పావు గంట కూర్చోండి. ఎందుకొచ్చారో కొట్టాయనకు, టీ బండి ఆయనకు, వాచ్‌మన్‌కు మొదటిరోజే చెప్పండి. ఫోనులో చాటుగా రికార్డు చేయకండి.

మిర్చి యార్డును పోలికకు తీసుకోవాలనుకుంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళండి. మే నెలలో వేసవి సెలవులు వస్తాయి. అక్కడ పిలుపు వెనక అప్పు కూడా ఉండొచ్చు. సరుకు తెచ్చిన రైతు అదే కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడికి డబ్బు తీసుకున్నాడా అన్నది తెలియకుండా "అన్నా" అన్న మాటకు అర్థం రాయకూడదు.

ఒక్కో పిలుపుకు ఒక్కో చీటీ

పని అంతా ఈ చీటీల మీదే నిలుస్తుంది. పోస్టుకార్డు సైజు అట్టముక్క మీద ఇవి రాయండి: ఎవరు పిలిచారు, ఎవరిని పిలిచారు, ఇద్దరి సుమారు వయసు, పిలిచిన మాట, నువ్వా మీరా, ఎదుటివాళ్ళు తిరిగి ఏమన్నారు, పక్కన ఎవరున్నారు, నిజమైన చుట్టరికం ఉందా.

ఉదాహరణకు ముప్పై ఏళ్ళ అద్దింటావిడ అరవైకి దగ్గరపడిన వాచ్‌మన్‌ను పేరు పెట్టి పిలిచి "మోటారు వెయ్యి" అంది. ఆయన "అలాగేనమ్మా, వేస్తానండి" అన్నాడు. చీటీ మీద: పేరు, నువ్వు, ఎదురు: అమ్మ, అండి. మీరు అన్నవాళ్ళకు తిరిగి నువ్వు వస్తోందంటే అక్కడ ఎక్కువ తక్కువలు ఉన్నట్టే. రెండువైపులా ఒకే మాట నడిస్తే దాన్ని చనువనో సమానమైన దూరమనో చదవాలి. యూరప్ భాషల్లో ఈ తేడాను రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే అమెరికన్ పరిశోధకులు 1960లో వివరించారు. తెలుగులో మనకు అంతకన్నా ఎక్కువ మెట్లున్నాయి: ఒరేయ్, ఏమోయ్, ఏమయ్యా, ఏమండీ. సర్వనామం పలకకుండానే "రా", "రావయ్యా", "రండి" అనే క్రియలోనే మర్యాద ఎంతో తెలిసిపోతుంది. అందుకే క్రియను విన్నది విన్నట్టే రాయండి.

ఇంకో గడి తప్పకుండా పెట్టండి: మనిషి వెళ్ళిపోయాక అతని గురించి ఏమన్నారు? ఎదురుగా "మీరు" అన్నవాళ్ళే వెనక "వాడు" అనొచ్చు, "ఆయన" అనొచ్చు. ఈ గడి వదిలేస్తే సగం సంగతి పోతుంది.

మన దగ్గర వయసుకు మర్యాద ఇవ్వడం మామూలు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలిచారంటే వయసును మించినది ఇంకేదో పనిచేస్తోంది. అది కులమా, ఉద్యోగమా, డబ్బా? ఒక్క చీటీతో తేల్చేయకండి. అదే వాచ్‌మన్‌ను అతని కులంవాళ్ళే ఏమంటున్నారో, అదే ఆవిడ అదే వయసున్న ఆటోడ్రైవరును ఏమంటుందో పక్కన పెట్టి చూడండి. ఇలాంటి జతలు దొరకాలంటే నూటయాభై చీటీలైనా కావాలి.

అక్కడ ముక్కలుగా రాసుకున్నది ఆ రాత్రే పూర్తి చేయాలి. గంట విన్నదానికి రెండు గంటల రాత పడుతుంది. తెల్లారితే మాటలు మీ సొంత వాక్యాలుగా మారిపోతాయి.

వంశవృక్షం: అన్న అంటే ఎవరు?

నిజ చుట్టరికం ఏదో, కలుపుకున్న వరస ఏదో విడదీయడానికి మూడు నాలుగు ఇళ్ళలో వంశవృక్షం గీయాలి. మగవాళ్ళకు త్రికోణం, ఆడవాళ్ళకు వృత్తం, పెళ్లికి సమానపు గుర్తు. ఇంట్లో పెద్దావిడతో మొదలుపెడితే మేలు, ఇరువైపుల చుట్టాలూ ఆవిడకు గుర్తుంటారు.

"మీకు అన్నదమ్ములెంతమంది?" అని అడిగితే తప్పుతుంది. పెదనాన్న కొడుకూ అన్నే, పెద్దమ్మ కొడుకూ అన్నే. ఈ చిక్కుకు మందు కనిపెట్టినవాడు డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త. 1898లో ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి దీవుల్లో, ఆ తర్వాత నీలగిరుల్లో తోడా తెగవాళ్ళ దగ్గర పనిచేసిన ఆయన తల్లి, తండ్రి, బిడ్డ, భర్త, భార్య అనే కొద్ది మాటలతోనే ప్రశ్నలు అడగాలన్నాడు. మనమూ అంతే: "మిమ్మల్ని కన్న తల్లి పేరేంటి? ఆవిడ కడుపున ఇంకా ఎవరు పుట్టారు?" చిన్నప్పుడే పోయిన పిల్లలను, పెళ్లయి వెళ్ళిన ఆడపిల్లలను మళ్ళీ విడిగా అడగాలి. లేకపోతే వాళ్ళు జాబితాలోకి రారు. మేనరికాలున్న ఇంట్లో ఒకే మనిషి రెండు చోట్ల తేలతాడు. అతనికి ఒకటే నంబరు ఇచ్చి రెండు గీతలూ కలపండి. అతన్ని ఇంట్లో ఏ వరసతో పిలుస్తారో అడగండి. మేనమామే భర్త అయిన చోట పిల్లలు అమ్మమ్మను మేనత్త అంటారా, అమ్మమ్మ అనే అంటారా?

అడగాల్సింది జరిగిన పని గురించి

"మీరు అందరితో బాగుంటారా?" అంటే అందరూ బాగుంటామనే అంటారు, పరువు ప్రశ్న అది. ఆ ఇంట్లో ఈమధ్య జరిగిన పెళ్లి గురించి అడగండి. బొట్టు పెట్టి ఎవరిని పిలిచారు, శుభలేఖ ఇంటికెళ్ళి ఎవరికి ఇచ్చారు, వాట్సాప్‌లో ఎవరికి పంపి ఊరుకున్నారు? ఇవే అనుబంధాల మెట్లు. చదివింపుల పుస్తకం చూపిస్తే ఇంకా మంచిది, కానీ అది అప్పు పుస్తకంలాంటిది. వాళ్ళే తెచ్చి చూపిస్తే చూడండి. అంకెలు ఎత్తిరాయకండి, ఫొటో తీయకండి. పన్నెండు నుంచి పదిహేను మంది, ఒక్కొక్కరితో నలభై నిమిషాలు చాలు. వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళుండాలి. పనిమనుషులతో యజమానుల ఇంట్లో మాట్లాడకండి.

వాళ్ళు మిమ్మల్నీ అడుగుతారు: "మీదే ఊరు? ఇంటిపేరేంటి?" నిజం చెప్పి, ఆ తర్వాత మాట తీరు మారిందేమో చీటీలో రాసుకోండి. మీ కులం, మీ వయసు కూడా ఆ సంభాషణలో భాగమే.

పేర్లు తీసేస్తే సరిపోదు. ఇంటిపేరు ఒక్కటే ఊరినీ కులాన్నీ బయటపెట్టేస్తుంది. డోరు నంబరు ఇంటినే చూపిస్తుంది. నంబర్ల చీటీలు ఒకచోట, ఏ నంబరు ఎవరిదో తెలిపే కాగితం ఇంకోచోట దాచండి. చీటీల ప్రతులు కూడా వేర్వేరు చోట్ల ఉండాలి. సామాజిక శాస్త్రవేత్త ఎం. ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గరి పల్లెలో చేసిన పని నోట్సును సవరించి రాసుకున్న మూడు ప్రతులూ 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఒకేచోట కాలిపోయాయి.

కుప్పలు వేయడం

చీటీలన్నీ నేల మీద పరిచి, పిలుపును బట్టి కుప్పలు వేయండి: అన్నదమ్ముల వైపు వరసలు, మామాబావల వైపు వరసలు, ఆంటీ అంకుల్, పేరు, హోదా. ఇరవై చీటీలు ఇంకొకరికి ఇచ్చి విడిగా వేయమనండి. నాలుగైదు చోట్ల తేడా వస్తే కుప్ప నిర్వచనమే సరిగా లేదని అర్థం, దాన్ని మళ్ళీ రాయాలి. తర్వాత ప్రతి కుప్పనూ ఇద్దరూ మగవాళ్ళు, ఇద్దరూ ఆడవాళ్ళు, ఒకరు మగ ఒకరు ఆడ అని విడదీసి లెక్కపెట్టండి. మొదటి ప్రశ్నకు జవాబు ఆ మూడో భాగంలోనే దొరుకుతుంది. ఆడ మగ మధ్య "బావా" ఎన్నిసార్లు పడిందో, నిజ చుట్టాల చీటీలు పక్కకు తీశాక అందులో ఎన్ని మిగిలాయో చూడండి.

ఏ కుప్పలోనూ ఇమడని చీటీలను పారేయకండి. వాటిని పట్టుకుని కొట్టాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళి, పేర్లు చెప్పకుండా "ఇలా ఎవరైనా ఎప్పుడంటారు?" అని అడగండి.