విశాఖపట్నం పాత ఊరు వన్ టౌన్ నడిచి చూడ్డానికి వెళ్లే ముందు

పోర్టు, నేవీ గేట్ల వైపు ఫోన్ ఎత్తొద్దు, డ్రోన్ అయితే అసలు తేవద్దు, ఫొటో సరదా కాస్తా పోలీస్ స్టేషన్ దాకా పోతుంది.

మార్గశిరం గురువారాలు వద్దు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికొచ్చే జనంతో సందులన్నీ నిండిపోతాయి, అమ్మవారి కోసమే వెళ్తే వేరే మాట.

కొండలు పొద్దున్నే ఎక్కేయండి, రాస్ హిల్ చర్చి, దర్గా కొండ, వెంకటేశ్వర కొండ మూడూ పక్కపక్కనే కదా అని మధ్యాహ్నానికి పెట్టుకుంటే మన ఉక్కపోతకి రెండోదానికే కూలబడతారు, అంత అందం అలా వదిలేస్తే నాకే బాధ.

బండి పూర్ణా మార్కెట్ బయటే పెట్టండి, లోపల తిప్పుకోలేరు.

1847 నాటి సెయింట్ అలోషియస్ ఇప్పటికీ నడిచే స్కూలే, అడక్కుండా లోపలికెళ్లొద్దు.