శ్లాబుకు భారం కాకుండా మిద్దె తోట పెంచడం ఎలా?

వేసవిలో పగలంతా కాగిన శ్లాబు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని కింది గదిలోకి వదులుతూనే ఉంటుందని పై అంతస్తులో పడుకునేవారికి వేరే చెప్పనక్కరలేదు. మొక్కలుంటే ఆకుల నీడ ఎండను శ్లాబు మీద పడనివ్వదు. ఆకుల నుంచి, మట్టి నుంచి ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఖర్చవుతుంది.

మొదట చూడవలసింది బరువు. మనుషులు తిరిగే డాబాను చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు మోసేలా కట్టాలని, భవనాలు మోయాల్సిన బరువుల గురించి చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 సూచిస్తుంది. తడి మట్టిని 10 సెంటీమీటర్ల మందాన పరిస్తేనే 160 నుంచి 200 కిలోలవుతుంది. అంటే జానెడు మట్టి పోయకముందే హద్దు దాటినట్టే. కాబట్టి డాబా అంతటా మట్టి పరవకుండా, కింద దూలాలు, గోడలు ఉన్నచోట మాత్రమే తొట్లు పెట్టండి. పాత ఇల్లయితే ముందుగా ఇంజనీరుకు చూపించడం తప్పనిసరి.

తరువాత తూము మూసి, రెండంగుళాల నీరు ఒక రోజంతా నిలిపి, కింది గది పైకప్పుకు చెమ్మ దిగుతుందేమో చూడండి. దిగితే వాటర్‌ప్రూఫింగ్ పూర్తయ్యేదాకా మొక్కల మాట ఎత్తవద్దు.

ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపితే తొట్టి తేలికగా ఉంటుంది, తడీ నిలుస్తుంది. తొట్ల కింద ఇటుకలు పెట్టి, నీరు తూము దాకా పారేలా చూడాలి.

నా మట్టుకు పూలకుండీలకన్నా తీగ పందిరే మేలు, ఎందుకంటే నాలుగు తొట్ల బరువుతోనే గది మేర నీడ పరుచుకుంటుంది. ఏప్రిల్ నాటికి నీడ కావాలంటే బీర, సొర గింజలు జనవరిలోనే వేయాలి. దొండ తీగ ముక్క నాటితే కొన్నేళ్లు కాస్తుంది. పందిరి గుంజలకు శ్లాబును తొలవకుండా, వాటిని బరువైన తొట్లలోనే పాతి, గాలివానకు లేచిపోకుండా ఒకదానికొకటి కట్టండి. తొట్లలో ఎండుటాకులు పరిస్తే ట్యాంకరు నీళ్లు కొనుక్కునేవారికి కొంత ఆదా.

మే నెల మధ్యాహ్నం మూడింటికి పందిరి కింద, తరువాత ఎండలో శ్లాబుకు అరచేయి ఆనించి చూడండి. ఎండలో క్షణం కూడా ఉంచలేరు. బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి కనుక పిందె నిలవకపోతే, చీకటి పడేముందు మగపువ్వును ఆడపువ్వుకు తాకించండి.