పెన్‌డ్రైవ్ బస్సెక్కక్కర్లేదు: డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ని బ్రౌజర్‌లోకి తెచ్చుకోవడం

మా డీటీపీ అంగడి తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర, ఇంకో చిన్న బ్రాంచి చిత్తూరులో. మొన్నమొన్నటిదాకా అక్కడ కరెక్షన్ చేసిన పెళ్లిపత్రిక ఇక్కడ ప్రింటుకి రావాలంటే పెద్ద తతంగం. వాట్సాప్‌లో పంపితే ఇక్కడ ఫాంటు లేక అక్షరాలన్నీ గళ్లు గళ్లుగా తెరుచుకునేవి, చివరికి ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బస్సెక్కేవాళ్లు. ఇప్పుడు పేజీలు పేర్చే స్క్రైబస్, ఫొటోలు దిద్దే గింప్, టైపింగుకి లిబ్రే ఆఫీస్, మూడూ తిరుపతిలో ఒక్క మెషీన్‌లోనే ఉన్నాయి, ఆరుగురం ఎవరి సీట్లో వాళ్లం బ్రౌజర్‌లో తెరిచి పని చేసుకుంటున్నాం. ఎలా పెట్టామో, ఎక్కడ దెబ్బ తిన్నామో రాస్తున్నా.

సంగతి చిన్నదే. సాఫ్ట్‌వేర్ నడిచేది సర్వర్‌లో, మీ దగ్గరికి వచ్చేది దాని బొమ్మ మాత్రమే, మీరు కొట్టే కీలూ మౌసు కదలికలూ అటు వెళ్తాయి. దీనికి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) మీద రెండు ముక్కలు కావాలి: డెస్క్‌టాప్‌ని అందించే ఎక్స్‌ఆర్‌డీపీ, దాన్ని బ్రౌజర్‌కి అర్థమయ్యేలా మార్చే అపాచీ గ్వాకమోలీ. రెండూ ఓపెన్ సోర్సే, పైసా లైసెన్సు లేదు. మా మెషీన్ పాత ఐ5, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. ఆరుగురికి సరిపోతోంది, కాకపోతే ఇద్దరు ఒకేసారి గింప్‌లో పెద్ద ఫొటోలు తెరిస్తే మిగతావాళ్లు టీకి వెళ్లి రావచ్చు.

డెస్క్‌టాప్‌గా గ్నోమ్ వద్దు, బరువు. ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి, ఎక్స్‌ఆర్‌డీపీ ఇన్‌స్టాల్ చేసి, ఎక్స్‌ఆర్‌డీపీ యూజర్‌ని ఎస్ఎస్ఎల్-సర్ట్ గ్రూపులో చేర్చండి. ప్రతి మనిషికీ వేరే లినక్స్ అకౌంటు ఇవ్వండి. వాళ్ల హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎక్స్‌సెషన్ అనే ఫైలు చేసి, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ4 సెషన్‌ని మొదలుపెట్టే ఒక్క లైను రాస్తే చాలు. లాగిన్ అవ్వగానే నల్ల స్క్రీన్ వచ్చి ఆగిపోతే, అదే యూజర్ సర్వర్ సొంత మానిటర్ మీద కూడా లాగిన్ అయి ఉన్నాడేమో ముందు చూడండి. నాకు దీనికే ఒక పూట పోయింది.

గ్వాకమోలీని డాకర్‌లోనే పెట్టండి, అంటే ఒక్కో ప్రోగ్రాముని దానికి కావల్సినవాటితో సహా ఒక్కో డబ్బాలో (కంటెయినర్) విడిగా నడిపే పద్ధతి. గ్వాకమోలీ వెబ్ భాగం నడిచేది టామ్‌క్యాట్ 9 (వెబ్ ప్రోగ్రాముల్ని నడిపే సర్వర్) మీద, ఉబుంటు 24.04లో వచ్చేది టామ్‌క్యాట్ 10, రెండింటికీ పొత్తు కుదరదు. మూడు కంటెయినర్లు కావాలి: డెస్క్‌టాప్‌తో మాట్లాడే గ్వాక్‌డీ, దాన్ని బ్రౌజర్‌లో చూపించే గ్వాకమోలీ వెబ్, యూజర్ల వివరాలు దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. డేటాబేస్ టేబుళ్లు వాటంతట అవి వస్తాయనుకోకండి, వెబ్ ఇమేజ్‌లోనే ఉన్న ఇనిట్‌డీబీ స్క్రిప్టు నడిపి, అది ఇచ్చిన ఎస్‌క్యూఎల్‌ని మీరే ఎక్కించాలి. గ్వాక్‌డీ పోర్టు 4822ని బయటికి తెరవద్దు. మొదటి లాగిన్‌కి యూజర్‌నేమూ పాస్‌వర్డూ రెండూ guacadmin అనే, ఆ సంగతి ప్రపంచమంతటికీ తెలుసు కాబట్టి మీ పేరుతో కొత్త అడ్మిన్‌ని చేసుకుని ఆ పాతదాన్ని అప్పుడే తీసేయండి.

కనెక్షన్ చేసేటప్పుడు ప్రోటోకాల్ ఆర్‌డీపీ (దూరంలో ఉన్న డెస్క్‌టాప్‌ని చూపించే పద్ధతి), పోర్టు 3389. హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాస్తే కనెక్ట్ కాదు, ఎందుకంటే కంటెయినర్‌కి లోకల్‌హోస్ట్ అంటే తనే, మీ సర్వర్ కాదు. సర్వర్ ఐపీ ఇవ్వండి, సర్టిఫికెట్‌ని పట్టించుకోవద్దు అనే దగ్గర టిక్ పెట్టండి.

ఇక తెలుగు టైపింగ్, అసలు టెన్షన్ ఇక్కడే. మొదట్లో అందరూ తమ తమ విండోస్‌లోని తెలుగు కీబోర్డుతోనే కొట్టారు, అవతల ఒక అక్షరం పడేది, ఒకటి పడేది కాదు. దారి ఏమిటంటే, మీ కంప్యూటర్‌లో కీబోర్డు ఇంగ్లిషులోనే ఉంచి, తెలుగు మార్పిడి సర్వర్ లోపల జరిగేలా చూడటం. సర్వర్‌లో ఐబస్ (కీబోర్డు భాష మార్చేది), దానికి తెలుగు లేఅవుట్లు ఇచ్చే ఐబస్-ఎమ్17ఎన్ వేసి, సెషన్‌తో పాటే ఐబస్ కూడా లేచేలా పెట్టండి. ఇన్‌స్క్రిప్టూ ఉంది, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్సూ ఉంది, ఎవరి అలవాటు వాళ్లది. ఫాంట్లకి ఫాంట్స్-తెలుగువిజయం (fonts-teluguvijayam) అనే ప్యాకేజీ వేస్తే మండలి, రామభద్ర, మన కాళహస్తి కవి పేరున్న ధూర్జటి అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. స్క్రైబస్ మాత్రం 1.6 వాడండి, పాత 1.4లో ఒత్తులు చెల్లాచెదరుగా పడతాయి, 'లక్ష్మి' అని కొడితే క ఒకచోట, షవత్తు ఇంకోచోట.

చిత్తూరు నుంచి తెరవాలంటే ఇంకో అడ్డు ఉంది. మామూలు ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరుకునే చిరునామా, ఉండదు. మేం ఒక చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకి తీసుకుని, అంగడి సర్వర్‌ని దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో కలిపాం, ఆ దారి మూసుకుపోకుండా పలకరించే కీప్‌ఎలైవ్ 25 సెకన్లు పెట్టాం. బయటివాళ్లు ఆ క్లౌడ్ సర్వర్‌లోని ఎన్‌జినెక్స్ (వచ్చినవాళ్లని లోపలికి పంపే వెబ్ సర్వర్) దగ్గరికి వస్తారు, హెచ్‌టీటీపీఎస్‌కి కావల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్ కూడా అక్కడే ఉంది, గడువు ముగిసేలోపే దానంతట అదే రెన్యూ అయ్యేలా చూసుకోండి. ఎన్‌జినెక్స్‌లో వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే కనెక్షన్) కోసం అప్‌గ్రేడ్ హెడర్ పంపాలి, ప్రాక్సీ బఫరింగ్ ఆపేయాలి, లేకపోతే మౌసు కదిపిన కాసేపటికి బాణం కదులుతుంది.

బద్ధకించి రౌటర్‌లో 3389ని నేరుగా తెరిచే పని మాత్రం చేయకండి. నేను చేశా. మర్నాడు పొద్దున లాగ్ చూస్తే ఎక్కడెక్కడి నుంచో లాగిన్ ప్రయత్నాలు, లెక్కపెట్టే ఓపిక లేక మూసేశా. గ్వాకమోలీలో టీఓటీపీ ఎక్స్‌టెన్షన్ ఉంది, అది ఆన్ చేస్తే పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లోని ఆరంకెల కోడ్ కూడా అడుగుతుంది. మావాళ్లు వారం రోజులు సణిగారు, ఇప్పుడు అలవాటైపోయింది.

ఫైళ్లు లోపలికీ బయటికీ తేవడానికి కనెక్షన్ సెట్టింగుల్లో ఎస్ఎఫ్‌టీపీ ఆన్ చేయండి. ఫైలుని లాక్కొచ్చి బ్రౌజర్ మీద పడేస్తే సర్వర్‌లోకి వెళ్తుంది, తిరిగి తీసుకోవాలంటే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి నొక్కితే పక్కన మెనూ వస్తుంది. ప్రింటుకి మాత్రం అడ్డదారులు వెతక్కండి, పీడీఎఫ్ చేసి దించుకుని మీ ప్రింటర్‌లోనే కొట్టుకోండి.

పాత విండోస్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్న పాత పెళ్లిపత్రికల సంగతి అడుగుతారు. వాటికోసం ఒక విండోస్ ప్రో మెషీన్ అలాగే ఉంచాం, దాన్నీ గ్వాకమోలీలో ఇంకో కనెక్షన్‌గా చూపించాం. అందులో ఒకసారికి ఒక్కరే పని చేయగలరు, హోమ్ ఎడిషన్ అయితే బయటి నుంచి ఆర్‌డీపీకే ఒప్పుకోదు.

మొన్న చిత్తూరు బ్రాంచిలో కరెంటు పోయింది. "అన్నా, పని పోయినట్టేనా?" అని ఫోన్ చేసింది మా ఆపరేటరు. "పోలేదమ్మా, సర్వర్ ఇక్కడ యూపీఎస్ మీద నడుస్తానే ఉంది, నీ ఫోన్ బ్రౌజర్‌లో తెరువు" అన్నా. తెరిస్తే పెళ్లికూతురి పేరు సగం కొట్టిన చోట కర్సర్ అలాగే మినుకుమంటోంది. మిగతా సగం ఫోన్‌లో కొట్టడం కష్టమని కరెంటు వచ్చేదాకా కూర్చుంది, అది వేరే సంగతి.