ఒక్కరే పడవ దింపడం, ఎక్కించడం – మూడో భాగం: తాడే రెండో మనిషి

గత భాగంలో ఖాళీ పార్కింగ్ లాట్‌లో ట్రైలర్ రివర్స్ చేయడం నేర్చుకున్నాం. స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టి, ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటే కదపడం ఇంకా అలవాటు కాకపోతే ఈ భాగం చదవండి, కానీ ర్యాంప్ (పడవని నీళ్లలోకి దింపే కాంక్రీటు వాలు) దగ్గరికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. ఇంకో వారం ఆ ఖాళీ స్థలంలోనే తిప్పండి, తొందరేం లేదు.

నేను చెప్పేదంతా మన డాలస్ చుట్టుపక్కల ఉన్న లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లవోన్, రే రాబర్ట్స్ లాంటి సరస్సులను మనసులో పెట్టుకుని చెప్తున్నాను. పడవ అంటే 14 నుంచి 16 అడుగుల అల్యూమినియం జాన్ బోట్ (అడుగు చదునుగా ఉండే చిన్న పడవ), 25 హార్స్‌పవర్ లోపు మోటార్, కార్పెట్ చుట్టిన పొడవాటి చెక్కల మీద పడవ కూర్చునే ట్రైలర్. చేపలు పట్టడానికి మనవాళ్లు మొదట కొనేది చాలావరకు ఇదే.

ఒంటరిగా పడవ దింపాలంటే బాగా బలం కావాలని చాలామంది భయపడతారు. ఉప్పాడలోనో భీమిలిలోనో ఇసుక మీదికి పడవ లాగాలంటే నిజంగానే పదిమంది భుజం పట్టాలి. ఇక్కడ కాంక్రీటు వాలుంది, చక్రాలున్నాయి, పిడి తిప్పి పట్టీతో పడవని లాగే వించ్ ఉంది, బరువు సంగతి అవి చూసుకుంటాయి. మనకి తక్కువైంది ఇంకో జత చేతులు. ట్రక్కులో మనం ఉన్నప్పుడు నీళ్ల మీద పడవని పట్టుకునేవాళ్లు లేరు, ఆ పని తాడుకి అప్పగించాలి. పడవ ముందు కొనని పట్టి ఉంచే వించ్ పట్టీ విప్పే ముందే తాడు కట్టి ఉండాలి, తాడు విప్పే ముందే ఇంకోటేదో పడవని పట్టుకుని ఉండాలి. ఈ వరుస ఒక్కసారి కూడా తప్పకూడదు.

తాడు ఎంతుండాలి? ముందు కొనకి 25, 30 అడుగులది ఒకటి, వెనక మూలకి 20 అడుగులది ఇంకోటి. వేలంత లావు నైలాన్ తాడు చాలు. బట్టలారేసే సన్నతాడు వాడకండి, గాలికి పడవ లాగినప్పుడు అరచెయ్యి కోసుకుపోతుంది.

ర్యాంప్ ఎక్కకముందు

పని ముప్పాతిక వంతు ఇక్కడే అయిపోవాలి. ర్యాంప్‌కి దూరంగా, చదునైన చోట ఆగండి. పడవ వెనక అడుగున నీళ్లు వదిలే రంధ్రానికి పెట్టే డ్రెయిన్ ప్లగ్ బిగించండి, అన్నిటికంటే ముందు అదే. తర్వాత పడవ వెనక భాగాన్ని ట్రైలర్‌కి కట్టిన రెండు పట్టీలు విప్పండి, మోటార్‌కి కింద సపోర్ట్ రాడ్ ఉంటే తీసేయండి, కానీ మోటార్ పైకి లేపే ఉంచండి. చేపల రాడ్లు, ఐస్ బాక్స్, పెట్రోల్ ట్యాంక్, తెడ్డు అన్నీ పడవలో సర్దేసి, పెట్రోల్ గొట్టం తగిలించి దాని మధ్యలో ఉండే రబ్బరు బల్బు గట్టిపడేదాకా నొక్కండి. ట్రైలర్ లైట్ల ప్లగ్ పీకేయండి, పాతరకం బల్బులైతే వేడి మీద చల్లనీళ్లు తగిలి పగులుతాయి. ఈ పనులన్నీ అయ్యేసరికి చక్రాల హబ్బులు కూడా చల్లబడతాయి. హైవే మీద వేడెక్కిన హబ్బుని తిన్నగా నీళ్లలో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది, బేరింగులు పాడయ్యేది అలాగే.

మోటార్ స్టార్ట్ అవుతుందో లేదో చూడాల్సింది మాత్రం ఇంటి దగ్గర, తోట పైపుకి మఫ్స్ (మోటార్ నీళ్లు పీల్చుకునే రంధ్రాల మీద పెట్టే రబ్బరు కప్పులు) తగిలించి, నీళ్లు పారుతుండగా. ర్యాంప్ మీద వెనకాల నలుగురు ఎదురుచూస్తుంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, టెన్షన్‌లోనే ప్లగ్ మర్చిపోతారు.

లైఫ్ జాకెట్ ఇక్కడే వేసుకోండి. సీటు కింద పెట్టుకోవడం కాదు, ఒంటి మీద ఉండాలి. ఒంటరిగా ఉన్నప్పుడు డాక్ (పడవ కట్టేయడానికి నీళ్లలోకి కట్టిన నడవ) మీద జారి తల తగిలినా లాగేవాళ్లు ఉండరు.

దింపడం

ముందు తాడు ఒక కొస పడవ ముందు కొనకి, రెండో కొస ట్రైలర్ మీద వించ్ నిలబడే స్తంభానికి కట్టండి. మధ్యలో మిగిలిన తాడుని చుట్టలుగా ట్రైలర్ ముందుభాగం మీద పెట్టండి, చక్రానికి చిక్కే చోట వేలాడకూడదు.

కిటికీ అద్దాలు దించి, సీటు బెల్టు తీసేసి, మెల్లగా వెనక్కి రండి. ర్యాంపులు మామూలుగా వంద అడుగులకి 12 నుంచి 15 అడుగులు దిగే వాలుతో కడతారు, చూడ్డానికి భయంగా ఉన్నా తారురోడ్డు మీద తిరిగే ట్రక్కుకి అది పెద్ద లెక్క కాదు. భయపడాల్సింది నీటి అంచున పాకుడు పట్టిన చోటుకి. పడవ వెనక భాగం నీళ్లకి తాకగానే ఆగండి. ముందు పార్కింగ్ బ్రేక్, తర్వాత పార్క్ గేర్, ఇంజిన్ ఆపండి, చక్రానికి నీళ్లవైపున చెక్క దిమ్మ పెట్టండి. ప్లగ్ ఇంకోసారి తడిమి చూడండి. ఇప్పుడు సేఫ్టీ గొలుసు, ఆ తర్వాత వించ్ పట్టీ విప్పండి. చాలామంది వీటిని పైన చదును మీదే విప్పేస్తారు, అది చాలా ప్రమాదం. ర్యాంప్ వాలు మీద పడవ జారి కాంక్రీటు మీద పడితే మోటార్‌తో సహా పోతుంది.

దిమ్మ తీసి మళ్లీ ట్రక్కెక్కి ఇంకాస్త వెనక్కి పోండి. ట్రైలర్ మడ్‌గార్డులు మునుగుతున్న దగ్గర పడవ వెనక భాగం తేలుతుంది, అక్కడ బ్రేకు కాస్త గట్టిగా నొక్కితే పడవ తనంతట తానే జారి నీళ్లలోకి వెళ్తుంది. తాడు ఉంది కదా, ఎక్కడికీ పోదు. ట్రక్కుని మెల్లగా కొన్ని అడుగులు ముందుకి నడిపితే పడవ ఒడ్డువైపు వస్తుంది. మళ్లీ బ్రేకు, మళ్లీ దిమ్మ. స్తంభం దగ్గర తాడు విప్పి చేత్తో పట్టుకుని, పడవని డాక్ పక్కకి నడిపించుకుపోయి, ముందూ వెనకా రెండు తాళ్లతో కట్టేయండి. ట్రక్కు పార్క్ చేయడానికి వెళ్లే ముందు పడవ అడుగున నీళ్లు చేరుతున్నాయేమో ఒక్క నిమిషం నిలబడి చూడండి.

గాలి గురించి ఒక మాట. మన దగ్గర వసంతంలో దక్షిణపు గాలి గట్టిగా వీస్తుంది. డాక్‌కి రెండు వైపులా ర్యాంప్ ఉంటే, గాలి పడవని డాక్ నుంచి దూరంగా నెట్టే వైపు ఎంచుకోండి. తాడు బిగువు మీద పడవ కుదురుగా నిలబడుతుంది. రెండో వైపైతే డాక్‌కేసి ఆగకుండా కొట్టుకుంటుంది, మధ్యలో మీ చెయ్యి పడిందా, వేళ్లు నలుగుతాయి.

నీళ్ల మీదికి వెళ్లాక ఇంజిన్ కిల్ స్విచ్ తాడు (మనిషి పడిపోతే ఇంజిన్‌ని ఆపేసేది) ఒంటికి తగిలించుకోండి. 26 అడుగుల లోపు పడవలకి ఈ నియమం టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి, దేశమంతటికీ 2021 ఏప్రిల్ 1 నుంచి ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మనిషి నీళ్లలో పడి పడవ తనపాటికి తాను వెళ్లిపోతే ఒంటరివాడికి ఇంకో దారి లేదు.

ఎక్కించడం

ఇది దింపడం కంటే కష్టం, ఎందుకంటే అలసిపోయి ఉంటారు, సాయంత్రం గాలి ఉంటుంది, జనం ఉంటారు. పడవని డాక్‌కి రెండు తాళ్లతో కట్టేసి ట్రక్కు తెచ్చుకోండి. ట్రైలర్‌ని ముందు బాగా లోతుకి ముంచండి, కార్పెట్ తడవాలి, పొడి కార్పెట్ మీద పడవ సులువుగా పైకి జరగదు. ఆ తర్వాత చెక్కల ముందు మూడో వంతు నీటి పైకి తేలేదాకా ముందుకి రండి. అందరూ తప్పు చేసేది ఈ లోతు దగ్గరే. ఎక్కువ మునిగితే పడవ చెక్కలకి ఆనకుండా తేలుతూ గాలికి పక్కకి తిరుగుతుంది, తక్కువైతే వించ్ తిప్పలేక చేతులు పడిపోతాయి. ట్రైలర్ వెనక రెండు మూలలా తెల్లటి పీవీసీ గొట్టాలు నిలువుగా బిగించుకోండి. ఖాళీ ట్రైలర్ నీళ్లలో మునిగాక అద్దంలో కనిపించేవి అవే.

డాక్ మీద నుంచి ఒక చేత్తో ముందు తాడు, రెండో చేత్తో వెనక తాడు పట్టుకుని, ఆవుని కొట్టంలోకి తోలినట్టు పడవని ఆ గొట్టాల మధ్యకి తీసుకురండి. వెనక భాగం పక్కకి పోతుంటే వెనక తాడు కాస్త లాగండి. ముందు కొన వించ్‌కి అందగానే కొక్కెం తగిలించి తిప్పండి. వించ్ పట్టీకి సూటిగా వెనక నిలబడకండి, పక్కన నిలబడండి. వించ్ చక్రం పన్ను లాక్‌లో పడిందో లేదో చూడకుండా పిడి వదిలితే అది వెనక్కి తిరిగి ముంజేతిని విరగ్గొడుతుంది. వంకరగా కూర్చుంటే బలవంతంగా లాగకండి, వించ్ పట్టీ, తాళ్లు అలాగే ఉంచి ట్రక్కుని ఒక అడుగు వెనక్కి పోనిచ్చి, తేలాక సరిచేసి మళ్లీ లాగండి.

మోటార్ నడుపుతూ సర్రున ట్రైలర్ మీదికి ఎక్కించేవాళ్లని చూసి ఆశపడకండి. ఆ ప్రొపెల్లర్ నీటి తాకిడికి ర్యాంప్ చివర కాంక్రీటు కింద మట్టి కొట్టుకుపోయి గుంట పడుతుంది, తర్వాత వచ్చినవాళ్ల ట్రైలర్ చక్రాలు అందులో దిగబడతాయి. చాలా చోట్ల నిషేధం కూడా.

వించ్ బిగిశాక సేఫ్టీ గొలుసు తగిలించి, మోటార్ పైకి లేపి, అప్పుడే పైకి రండి. మిగతా పనులన్నీ చదును మీద.

వెళ్లే ముందు నీళ్లు వదలాలి

ప్లగ్ పీకండి, లైవ్‌వెల్ (పట్టిన చేపల్ని బతికించి ఉంచే తొట్టి), ఎర బకెట్ ఖాళీ చేయండి, మోటార్‌ని నిటారుగా దించి లోపలి నీళ్లు కారనివ్వండి. 2009లో టెక్సోమా సరస్సులో జీబ్రా మస్సెల్స్ బయటపడ్డాయి, గోరంత గుల్లలు, పిల్లదశలో కంటికే కనిపించవు, నీటి గొట్టాలకి అంటుకుని మూసేస్తాయి. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి అవి ఎక్కువగా వెళ్లేది మన పడవలకి అంటుకునో, పడవల్లోని నీళ్లతోనో. అందుకే 2014 జులై నుంచి టెక్సస్ అంతటా నీళ్లు వదలడం చట్టం చేశారు. ఇంటికెళ్లాక పడవ పూర్తిగా ఆరేదాకా ఇంకో సరస్సులో పెట్టకండి.

ఈ వారం అభ్యాసం: పనిరోజు ఉదయం, గాలి లేనప్పుడు, చేపల రాడ్లు తీసుకెళ్లకుండా ర్యాంప్‌కి వెళ్లండి. దింపండి, కట్టండి, ట్రక్కు పార్క్ చేయండి, మళ్లీ తెచ్చి ఎక్కించండి. వెనకాల ఎవరూ లేకపోతే ఇంకోసారి. వచ్చే భాగంలో లంగరు ఎంత బరువుండాలి, తాడు ఎంత వదలాలి, గాలిలో ఒక్కరే ఎలా వేసి ఎలా తీయాలి అనేది చూద్దాం.